ఊరుమ్మడి ట్రాన్స్‌ఫార్మరు

యాసంగిలో వరి పొట్టకు వచ్చిన వేళ పొలం ఎండితే కంకిలో గింజకు బదులు తాలు మిగులుతుంది. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూరు ప్రాంతంలో ఆ తడి చాలావరకు బోరుబావుల నుండే అందాలి. బోరులోని నీరు పైకి రావాలంటే మోటారు తిరగాలి. మోటారు తిరగాలంటే పొలాల మధ్య గద్దె మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు పనిచేయాలి. దాని సన్నని రొద ఆగిందంటే దాని కింద ఉన్న కుటుంబాలన్నింటి సేద్యమూ ఆగినట్లే. “ట్రాన్స్‌ఫారం కాలింది” అని పల్లెవాసులు ఒక్క మాటలో చెప్పుకొనే ఈ ఆపద ఆకస్మికంగా వచ్చేది కాదు. దానికి ముందు ఎన్నో చిన్న కారణాలు పోగుపడి ఉంటాయి.

ట్రాన్స్‌ఫార్మరుకు మూలమైన సూత్రాన్ని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. ఆయన ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రెండు వేర్వేరు తీగచుట్టలు చుట్టాడు. మొదటి చుట్టకు బ్యాటరీ కలిపిన క్షణంలోను, తొలగించిన క్షణంలోను మాత్రమే రెండవ చుట్టకు కలిపిన సూచిక కదిలింది. విద్యుత్తు నిలకడగా ప్రవహిస్తున్నంతసేపు అది కదలలేదు. అంటే అయస్కాంత క్షేత్రం ఉన్నంత మాత్రాన చాలదు, అది మారుతూ ఉండాలి. మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు యాభై ఆవర్తనాలు పూర్తి చేస్తుంది కనుక ఆ మార్పు నిరంతరంగా సాగుతుంది. రెండు చుట్టల మధ్య తీగ సంబంధమేమీ లేకపోయినా శక్తి ఒకదాని నుండి మరొకదానికి చేరుతుంది. ఈ సూత్రం ఆధారంగా 1885లో హంగేరీ ఇంజనీర్లు ముగ్గురు వాడకానికి అనువైన ట్రాన్స్‌ఫార్మరును రూపొందించారు.

ఏ చుట్టలో ఎక్కువ చుట్లుంటే ఆ వైపు వోల్టేజీ ఎక్కువ. పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను 433 వోల్టులకు దించుతుంది. వోల్టేజీ తగ్గిన మేరకు ప్రవాహం పెరుగుతుంది. 100 కె.వి.ఎ. సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మరు నిండు బరువు మోస్తున్నప్పుడు మోటార్ల వైపు సుమారు 133 ఆంపియర్లు ప్రవహిస్తుంటే, 11,000 వోల్టుల తీగలో అయిదు ఆంపియర్లకు కాస్త మించి మాత్రమే ప్రవహిస్తుంది. తీగలో వృథా అయ్యే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. విద్యుత్తును అంత ఎత్తున తెచ్చి పొలం గట్టున దించడంలోని మర్మమిదే.

ఇదే లెక్క ఇంటిలోనూ ఎదురవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన వాక్యూమ్ క్లీనరు 120 వోల్టులకు తయారైనది. దానిని మన 230 వోల్టులకు నేరుగా కలిపితే తీగచుట్టలో పుట్టే వేడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు మించుతుంది. నిమిషాలలో కమురు వాసన వస్తుంది. నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలసిందే. అయితే గడ్డం గీసుకొనే యంత్రానికి సరిపోయే వంద వాట్ల ట్రాన్స్‌ఫార్మరు 1,200 వాట్ల క్లీనరును మోయలేదు. వోల్టేజీ సరిపోయిందని సంతోషించి సామర్థ్యాన్ని మరచినవారికి రెండు వస్తువులూ దక్కవు. వోల్టేజీ సరిగా ఉన్నా మరొక పొరపాటుకు తావుంది. చాలా రకాల క్లీనర్లలో లోనికి పీల్చిన గాలే మోటారును చల్లబరుస్తుంది. సంచి దుమ్ముతో నిండి గాలి ఆడకపోతే మోటారు వేడెక్కుతుంది. మరమ్మతుకు తెచ్చిన క్లీనరులో కార్బన్ బ్రష్షులు అరిగాయా, సంచి మూసుకుపోయిందా అని ముందుగా చూడటం అందుకే.

ఇక పొలానికి వద్దాం. అయిదు హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు ఎనిమిది ఆంపియర్లు తీసుకొంటుంది. ఆ లెక్కన 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు పదహారు మోటార్లను మోయగలదు. కాని నిశ్చలంగా ఉన్న మోటారు కదిలే క్షణంలో నేరుగా విద్యుత్తు అందితే దాదాపు ఆరు రెట్ల ప్రవాహాన్ని గుంజుతుంది. పదహారు మోటార్లు ఒక్కసారిగా లేస్తే 133 ఆంపియర్లకు రూపొందిన చుట్టపై 770 ఆంపియర్ల వరకు పడుతుంది. కరెంటు కొన్ని గంటలే వచ్చిన రోజుల్లో, అదీ అర్ధరాత్రి వచ్చినప్పుడు, రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకొన్నారు. చీకట్లో పాముల మధ్య పొలానికి నడవలేక చేసుకొన్న ఏర్పాటది. దానిని తప్పుపట్టడం తేలిక. అయితే కరెంటు వచ్చిన క్షణమే మోటార్లన్నీ ఒకేసారి లేచేవి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం కోరడానికి భూగర్భజలాల రక్షణతోపాటు ఈ భారమూ కారణమే.

పదేపదే ఫ్యూజు పోతుంటే విసిగి, దాని స్థానంలో లావుపాటి అల్యూమినియం తీగ చుట్టడం మరొక అలవాటు. బరువు మించినప్పుడు తాను కరిగి చుట్టను కాపాడటమే ఫ్యూజు పని. దానిని కరగకుండా చేస్తే చుట్టే కరుగుతుంది. ఇంతకంటే ఘోరమైనది ప్రాణాపాయం. స్విచ్చు దించామన్న ధీమాతో గద్దె ఎక్కి ఫ్యూజు వేయబోయిన రైతులు ఎందరో మరణించారు. మూడు తీగలను ఒకేసారి విడదీయవలసిన ఆ స్విచ్చులో ఒక కత్తి తుప్పుపట్టి అతుక్కొనే ఉండవచ్చు, చీకట్లో కింది నుండి చూసేవారికి అది తెలియదు. ఆ పని లైన్‌మన్‌దే.

ట్రాన్స్‌ఫార్మరు లోపలి నూనె చుట్టలను చల్లబరచడమే కాక, విద్యుత్తు ఒక భాగం నుండి మరొక భాగానికి దూకకుండా అడ్డుపడుతుంది. నూనెలో చెమ్మ చేరితే ఆ గుణం నశిస్తుంది. లోనికి పోయే గాలిలోని తేమను పీల్చేందుకు ఒక చిన్న గొట్టంలో సిలికా జెల్ గుళికలు ఉంచుతారు. సాధారణంగా నీలంగా ఉండే ఆ గుళికలు గులాబి రంగుకు మారాయంటే వాటిని మార్చే సమయం వచ్చినట్లే. అడుగున రాయి తగిలే చెలక నేలల్లో ఎర్తింగు కూడా సమస్యే. మట్టి ఎండిన కొద్దీ విద్యుత్తు భూమిలోకి సులభంగా దిగదు. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోస్తుంటారు.

గ్రామాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మరును 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన ఉంది. అయినా రైతులు చందాలు వేసుకొని, సొంత ట్రాక్టరు మీద దానిని మరమ్మతు కేంద్రానికి చేర్చిన సందర్భాలు తక్కువేమీ కాదు. అక్కడ నూనె తీసి, కాలిన చుట్టలను విప్పి, అంతే మందం గల తీగను అన్నే చుట్లు కొత్తగా చుడతారు. నాలుగు చుట్లు తగ్గినా ఒక ఫేజు వోల్టేజీ తక్కిన రెండింటికి సరితూగదు. తరువాత చెమ్మ పోయేలా ఆరబెట్టి, నూనె నింపి పరీక్షిస్తారు.

తిరిగి వచ్చిన ట్రాన్స్‌ఫార్మరుకు ముందుగా ఏ మోటారూ కలపకుండా విద్యుత్తు ఇచ్చి, కాసేపు దాని రొద వింటారు. రొద సమంగా ఉంటే ఒక స్టార్టరు నొక్కుతారు. ఆ బోరు నీళ్లు పోయడం మొదలయ్యాక పక్క పొలంవారిని కేకేస్తారు.