చేతిలో సీటు, వరుసలో పేరు

సమస్య

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. నేను పుట్టకముందే నాన్న సూరత్ వచ్చి ఉధ్నాలో సాంచెల మీద పనికి కుదిరారు. మీటరు లెక్కన కూలి, పదిహేను రోజులకోసారి పగార్. నేను బీకాం అయ్యాక ఒక బట్టల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తూ క్యాట్ రాశాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ పీజీడీఎం సీటు ఇచ్చింది. నెలాఖరులోగా మొదటి వాయిదా లక్షన్నర కట్టమంటున్నారు. విశాఖపట్నం ఐఐఎం వెయిటింగ్ లిస్టులో కూడా నా పేరుంది. అది ఎప్పుడు తేలుతుందో తెలియదు. మామయ్యేమో చేతికొచ్చింది వదలొద్దంటున్నారు. నాతో పరీక్ష రాసినవాళ్లు, ఐఐఎం వచ్చే అవకాశం ఉండగా వేరేచోట డబ్బెందుకు పోసుకుంటావంటున్నారు. నాన్న "నీ ఇష్టం బిడ్డా" అని ఊరుకున్నారు. కట్టి మానేస్తే ఆయన కష్టం నీళ్లపాలు. కట్టకపోతే రెంటికీ చెడ్డ రేవడినవుతానేమో. ఏం చేయమంటారు?

- ఒక పాఠకురాలు, ఉధ్నా, సూరత్

సలహా

రెండు కాలేజీల్లో ఏది ఎంచుకోవాలా అని మీరు మథనపడుతున్నారు. నిజానికి ఈ నెలాఖరుకి మీరు జవాబివ్వాల్సింది ఒక్క హైదరాబాద్ కాలేజీకే. ఐఐఎం లిస్టులో పేరు ఉంచుకోవడానికి హైదరాబాద్‌లో చేరకుండా ఉండాల్సిన పని లేదు. కాబట్టి తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు: ఆ లక్షన్నర కట్టాక మనసు మారితే ఎంత వెనక్కి వస్తుంది, ఏ తేదీ వరకు వస్తుంది? పీజీడీఎం కాలేజీలకు అనుమతి ఇచ్చేది ఏఐసీటీఈ. కోర్సు మొదలయ్యేలోపు విద్యార్థి మానుకుంటే ప్రాసెసింగ్ ఫీజు కింద 1,000 రూపాయలకు మించి పట్టుకోకూడదనీ, మిగతాది తిరిగి ఇచ్చేయాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదనీ దాని నిబంధన. తరగతులు మొదలయ్యాక మానితే లెక్క మారిపోతుంది. ఖాళీ అయిన సీటు ఇంకొకరితో నిండిందా లేదా అన్నదాన్ని బట్టి కోతలుంటాయి. అంటే మిమ్మల్ని కంగారుపెడుతున్న నెలాఖరు గడువు కంటే, తరగతులు మొదలయ్యే రోజు మీకు ముఖ్యం. చాలా పీజీడీఎం కాలేజీలు జూన్‌లోనే తరగతులు మొదలుపెడతాయి. ఐఐఎంల వెయిటింగ్ లిస్టులు ఒక్కోసారి అప్పటికి కదులుతూనే ఉంటాయి. మీకు నష్టం జరిగితే ఆ నడుమ రోజుల్లోనే జరుగుతుంది.

అయితే డబ్బు వెనక్కొస్తుంది కదా అని ఏ కాలేజీకైనా కట్టేయమని నేను చెప్పను. వెయిటింగ్ లిస్టు అసలు కదలలేదనుకోండి. అప్పుడు కూడా ఈ కాలేజీకి సంతోషంగా వెళ్తారా? వెళ్లననిపిస్తే ఇప్పుడు కట్టడం దండగ. దీన్ని కాలేజీ బ్రోచర్ చూసి తేల్చుకోవద్దు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసిన సంస్థలు తాము ఇచ్చిన వివరాలను బయటపెట్టాలి. ఎంతమంది చదువు ముగించారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. ప్రకటనల్లో వేసే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. మధ్యస్థ జీతం చూస్తే ఉద్యోగాలొచ్చినవాళ్లలో సగంమంది పరిస్థితి తెలుస్తుంది. చదువుకు అప్పు తీసుకుంటే ఆ జీతంలో నెలకు వాయిదా ఎంత పోతుందో లెక్క వేయండి, లెక్కలు మీ వృత్తే కదా. పోల్చుకోవడానికి ఇంటి దగ్గరే ఇంకో దారి ఉంది. ఉధ్నా-మగదల్లా రోడ్డులో ఉన్న వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలోనూ ఎంబీఏ ఉంది. గుజరాత్‌లో ఎంబీఏ సీట్లు ఏసీపీసీ అనే ప్రవేశాల కమిటీ ద్వారా సీమ్యాట్ పరీక్ష స్కోరుతో భర్తీ చేస్తారు. ఇంట్లో ఉండి చదివితే హాస్టల్ ఖర్చు ఉండదు, బట్టల మార్కెట్లో మీకున్న పరిచయాలూ చేజారవు. హైదరాబాద్ కాలేజీ దీనికంటే ఎంత ఎక్కువ ఇస్తుందో అంకెల్లో కనిపించాలి. కనిపించకపోతే ఆ సీటును వదులుకోవడం ఓటమి కాదు.

ఇక ఐఐఎం సంగతి. వెయిటింగ్ లిస్టును లాటరీలా చూడకండి, దాని కదలికకు కారణం ఉంది. దేశంలో ఐఐఎంలు ఇరవైకి పైగా ఉన్నాయి. కొన్ని కొత్త ఐఐఎంలు కలిసి ఒకే ఇంటర్వ్యూ ప్రక్రియ నడుపుతాయి. మంచి స్కోరున్న ఒకే మనిషికి నాలుగు చోట్ల సీటు వస్తే, ఆ మనిషి చేరేది ఒకచోటే. మిగతా మూడు సీట్లూ కిందివాళ్లకు దిగుతాయి. 2015లో మొదలైన విశాఖ ఐఐఎం లాంటి కొత్త సంస్థల నుంచి పాత ఐఐఎంలకు వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. కాబట్టి లిస్టులో కదలిక ఉంటుంది, కానీ మీ సంఖ్య వరకు వస్తుందా అన్నదే ప్రశ్న. లిస్టులు కేటగిరీల వారీగా వేరుగా ఉంటాయి. మీ కేటగిరీలో గత రెండు మూడేళ్లలో ఏ సంఖ్య దాకా పిలిచారో కనుక్కోండి. మీ సంఖ్య అందులోపే ఉంటే ఆశకు ఆధారం ఉన్నట్టు. చాలా దూరంగా ఉంటే ఐఐఎం పేరు పట్టుకుని ఈ ఏడాది ప్రణాళిక వేసుకోకండి.

చేరతానన్న గట్టి నిర్ణయం లేకుండా సీటు పట్టుకోవడం తప్పు కాదా అని మీకు అనిపించవచ్చు. ఇలా జరుగుతుందని తెలిసే కాలేజీలు వెయిటింగ్ లిస్టులు పెట్టుకుంటాయి, ఫీజు వాపసు నిబంధన పుట్టిందీ అందుకే. ఐఐఎం పిలిచాక కూడా చెప్పకుండా సీటు అట్టిపెట్టుకుంటేనే తప్పు. మీ వెనక వరుసలో మీలాంటి ఇంకో అమ్మాయి ఉంటుంది.

నాన్నగారి కష్టం గురించి మీ భయం న్యాయమైనదే. అందుకే మొత్తం భారం ఆయన కూలి మీద వేయొద్దు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికైన సంస్థల్లో ప్రతిభతో సీటు తెచ్చుకున్నవాళ్లకు తాకట్టు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేకపోతే, 10 లక్షల వరకు అప్పుపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. హైదరాబాద్ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఈ వారమే చూడండి. అప్పు దొరికే తీరులోనే రెండు సీట్ల మధ్య పెద్ద తేడా రావచ్చు. నాన్నగారు మీ ఇష్టమన్నారు కాబట్టి ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. నిర్ణయంలో ఆయనకూ పాలు దక్కుతుంది.

నా మాట ఇది. కాలేజీ అంకెలు మీకు నచ్చితే లక్షన్నర కట్టండి, ఐఐఎం లిస్టులో పేరు ఉంచండి, తరగతులు మొదలయ్యే ముందురోజును ఆఖరి గడువుగా పెట్టుకోండి. ఆ రోజుకీ పిలుపు రాకపోతే హైదరాబాద్‌లోనే చదవండి. అంకెలు నచ్చకపోతే కట్టకండి. కట్టే ముందు మాత్రం తరగతులు మొదలయ్యే తేదీని, ఫీజు వాపసు నిబంధనను కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట మీద లక్షన్నర పంపకండి.