కుక్కపిల్లకు శుభ్రత నేర్పుట

మేలుజాతి పొమరేనియన్ కుక్క పెరిగి పెద్దదైనను మిక్కిలి చిన్నదిగనే యుండును. ఇక రెండు నెలల పిల్ల యెంత యుండును! దాని మూత్రాశయమును అంతే చిన్నది. వయస్సున నెలకొక గంట చొప్పున లెక్కించినచో, అది రెండు గంటలు ఓర్చుకొనుటయే గొప్ప. చిన్నజాతులకు అదియును కష్టమే.

ఈ సంగతి యెరుగక మేము మొదట, గదిలో తడిచేసినప్పుడెల్ల దానిని అచ్చటికి ఈడ్చి, ముక్కు నేలకు రాచి కొట్టితిమి. ఫలమేమి? అది మంచము క్రింద దాగి విసర్జించుట నేర్చినది. జరిగిపోయిన పనికిని, పిదప పడిన దెబ్బకును గల సంబంధము కుక్కపిల్లకు తెలియదు. మా కంటబడిన ముప్పని మాత్రము గ్రహించినది.

కొట్టుట మాని వేళలు పట్టుకొంటిమి. నిద్ర లేచినంతనే, తిన్న కొద్దిసేపటికి, ఆడుకొన్న పిదప, రాత్రి పరుండుటకు ముందు దానిని పెరటిలో ఒకే చోటికి కొనిపోవలెను. టీకాలు ముగియువరకు వీధి కూడదు. నేల వాసన చూచుచు గుండ్రముగా తిరిగినచో ఆలస్యము చేయరాదు. పని ముగించిన తక్షణమే, అచ్చటనే మెచ్చుకొని చిన్న తినుబండము పెట్టవలెను. ఇల్లు చేరిన తరువాత పెట్టినచో దేనికి పెట్టితిమో దానికి తెలియదు. ఇంటిలో తడిచేసిన చోటు వాసన మిగులకుండ కడుగవలెను. లేనిచో మరల అచ్చటికే పోవును.

మావంటి యిండ్లలో మరియొక చిక్కు కలదు. నాయనమ్మ తెలుగులో, పొరుగువారు తమిళములో, పిల్లలు ఇంగ్లీషులో ఆజ్ఞాపింతురు. కుక్కపిల్లకు భాష పట్టదు, ధ్వని పట్టును. కావున "పెరటికి" అను ఒక్క మాటనే అందరును వాడవలెనని నిశ్చయించితిమి. అది అలవడుటకు కుక్కపిల్లకంటె మాకే యెక్కువ దినములు పట్టినవి.