తొడ వెనుక కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు

తొడ వెనుక భాగం బిగుసుకుపోయిందని నా వద్దకు వచ్చేవారిలో అధికులు అప్పటికే కొన్ని వారాలుగా పశ్చిమోత్తానాసనం వేస్తూ ఉంటారు. సాగదీస్తే బిగువు పోతుందని వారి నమ్మకం. కాని కొందరిలో సాగదీసిన కొద్దీ పిరుదు అడుగున, కూర్చునే ఎముక దగ్గర నొప్పి అధికమవుతుంది. బలహీనపడిన కండరం కూడా బిగువుగానే తోస్తుంది. దానికి కావలసినది సాగదీత కాదు, సత్తువ.

ఆధునిక వైద్యులు హామ్‌స్ట్రింగ్స్ అని పిలిచే ఈ కండరాలు మూడు. ఇవి ప్రధానంగా కూర్చునే ఎముక వద్ద మొదలై, మోకాలు దాటి కాలి ఎముకలకు అతుక్కుంటాయి. తుంటిని, మోకాలిని కూడా దాటుతున్నందున వీటికి పనులు రెండు: మోకాలిని మడవడం, ముందుకు వంగిన దేహాన్ని తుంటి వద్ద నిటారుగా లేపడం. రెంటికీ వ్యాయామం ఉండాలి.

కాళ్ళకు బలమనగానే మనవారు బస్కీలు తీయమంటారు. మంచిదే. అయితే అందులో శ్రమ అధికంగా తొడ ముందు కండరాలది, పిరుదులది. బస్కీ తీసేటప్పుడు వెనుక కండరం తుంటి వద్ద సాగుతూ మోకాలి వద్ద కుదించుకుంటుంది గనుక దాని నిడివి పెద్దగా మారదు, దానికి తగినంత పని దొరకదు.

ఇంట్లో సేతుబంధాసనంతో ప్రారంభించండి. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తాలి. మడమలను కొంచెం దూరంగా జరిపితే భారం తొడ వెనుకకు చేరుతుంది. అది తేలికైన పిదప మడమల కింద పాత గుడ్డ వేసుకొని, పిరుదులు దించకుండా, నున్నని గచ్చుమీద కాళ్ళను మెల్లగా ముందుకు జార్చండి. కండరం సాగుతూ భారం మోసే ఈ దశ చాలా విలువైనది. మోకాళ్ళపై నిలిచి, మరొకరు చీలమండలు పట్టుకోగా దేహాన్ని నిదానంగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామాన్ని ఫుట్‌బాల్ క్రీడాకారులకు నేర్పడం ఇందుకే. వృద్ధులకు అది వద్దు.

రెండవ పనికి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, వెన్ను వంచక, తుంటి వద్ద మాత్రమే వంగి లేవాలి. మొదట వట్టి చేతులతో, తరువాత చెరొక చేత లీటరు నీళ్ళసీసాతో.

వ్యాయామశాలకు వెళ్ళే యువకులకు ఒక మాట. 2021లో వెలువడిన ఒక జపాన్ పరిశోధనలో, 12 వారాల సాధన తరువాత, యంత్రంపై బోర్లా పడుకొని కాళ్ళు మడిచినప్పటికంటే కూర్చొని మడిచినప్పుడు ఈ కండరాలు ఎక్కువగా పెరిగాయి.

ఒక్కొక్కటి 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు చాలు. అర్ధశక్తితో వ్యాయామం చేయమన్న వాగ్భటుని మాట కొత్తవారికి శిరోధార్యం. నుదుట చెమట పట్టి, నోరు ఎండిపోతుంటే ఆపాలి. నువ్వుల నూనెతో అభ్యంగం హాయినిస్తుంది గాని వ్యాయామానికి బదులు కాదు.

పరుగులో తొడ వెనుక ఫటుక్కుమని, ఆపైన కమిలినట్లయితే మర్దన చేయకండి, వైద్యునికి చూపించండి. పిరుదు నుండి మోకాలి కిందికి నొప్పి దిగుతూ, తిమ్మిరి కూడా ఉంటే అది గృధ్రసి కావచ్చు; పరీక్ష చేయించుకోకుండా పై వ్యాయామాలు ఏవీ మొదలుపెట్టవద్దు.