లేహ్ దారికి సామాను సర్దేదెలా?

ప్రశ్న: జులైలో మనాలీ నుంచి లేహ్‌కు బుల్లెట్ మీద వెళ్దామనుకుంటున్నాం. ఏమేం సర్దుకోవాలి? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: బట్టల కన్నా ముందు పెట్రోలు సంగతి. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే తాండి బంకు దగ్గరి బోర్డు ఈ దారిలో పేరుమోసింది. పాత కార్బ్యురేటర్ బండైతే, గాలి పలచబడే ఎత్తుల్లో ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. అయిదు లీటర్ల డబ్బా తప్పనిసరి.

పనిముట్లు, స్పేర్లు పక్కసంచుల అడుగున, సీటుకు దగ్గరగా పెట్టాలి. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. వెనక క్యారియర్ మీద తేలికైనవే కట్టాలి; అక్కడ బరువు పెరిగితే ముందు చక్రం తేలిపోయి, కంకర మలుపుల్లో హ్యాండిల్ మాట వినదు. క్లచ్ కేబుల్, ట్యూబు, పంక్చర్ కిట్, చిన్న పంపు వెంట ఉండాలి. ఆరు జతల బట్టలు సర్ది స్పానర్ మరిచేవాళ్లే ఎక్కువ! ట్యూబు మార్చడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోవాలి.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు.

మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు పొంగుతాయి కాబట్టి పొద్దున్నే దాటేయాలి. ఈ దారిలోని తంగ్‌లాంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైనే. అంతకు ముందే వచ్చే జిస్పాలో ఓ రాత్రి ఆగితే ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది. తలనొప్పి, వాంతులు ముదిరితే పైకి వెళ్లకుండా కిందికి దిగాలి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, బృందంలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.