డేటాబేస్‌కు కనెక్షన్ దొరకనప్పుడు

సర్వర్ పూర్తిగా ఆగిపోతే కారణం పట్టుకోవడం తేలిక. ఒకసారి పనిచేసి, మరోసారి ‘డేటాబేస్‌కు కనెక్ట్ కాలేదు’ అనే సర్వర్‌తోనే అసలు చిక్కు. మనం వెళ్లి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్లకు ఉద్యోగంలో చేరగానే ఎదురయ్యే గండం ఇది. అందుకే ఈ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులం మాకు తెలిసింది రాస్తున్నాం.

మన గుణదల కొండ దారి ఏడాదంతా ఖాళీగానే కనిపిస్తుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలప్పుడు అదే దారిలో కాలు పెట్టే చోటుండదు. సర్వర్ రద్దీ కూడా అలాంటిదే. కాబట్టి ముందుగా లోపం ఏయే వేళల్లో వచ్చిందో, దాని నంబరు ఎంతో రాసుకోవాలి. మై ఎస్‌క్యూఎల్‌లో 2003 వస్తే మన ప్రోగ్రాం డేటాబేస్ దాకా చేరనేలేదు. నెట్‌వర్కు, ఫైర్‌వాల్, పోర్టు చూడాలి. 1040 వస్తే చేరింది కానీ చోటు లేదు. మనం మార్చకపోతే ఒకేసారి 151 కనెక్షన్లే ఇస్తుంది.

వెంటనే ఆ 151ని 1000 చేసేవాళ్లే ఎక్కువ. మాకీ వైద్యం నచ్చదు. ప్రతి కనెక్షన్ కొంత మెమరీ తింటుంది. మెమరీ అయిపోతే లినక్స్ ఏకంగా డేటాబేస్‌నే ఆపేయవచ్చు.

హాస్టల్ కుళాయి దగ్గర ఒకడు బట్టలు ఉతకడం మొదలుపెడితే వెనక వరుస ఎంత పెరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి లెక్కా అదే. సెకనుకు 200 అభ్యర్థనలు వచ్చి, ఒక్కొక్కటి 0.05 సెకను కనెక్షన్ పట్టుకుంటే 10 కనెక్షన్లు చాలు. అదే పని 2 సెకన్లు పడితే 400 కావాలి. జనం ఒక్కరు కూడా పెరగలేదు, చూడండి! ఇది జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం.

ఎవరు పట్టుకుని కూర్చున్నారో ‘షో ప్రాసెస్‌లిస్ట్’ చూపిస్తుంది. ‘స్లీప్’ వరుసలే ఎక్కువైతే ప్రోగ్రాం పని అయ్యాక కనెక్షన్ వదలడం లేదని అనుమానించాలి. అలా వదలనివాటిని మై ఎస్‌క్యూఎల్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు భరిస్తుంది. ‘క్వెరీ’ వరుసలు చాలాసేపు నిలిచి ఉంటే ఆ ప్రశ్నకు ‘ఎక్స్‌ప్లెయిన్’ వేయాలి. హాల్‌టికెట్ నంబరుకు ఇండెక్స్ లేకపోతే ఒక్క విద్యార్థి కోసం లక్షల వరుసలూ చదవాల్సి వస్తుంది.

చోటంతా నిండినా నిర్వాహకుడి కోసం ఒక కనెక్షన్ విడిగా ఉంటుంది. ప్రోగ్రాంకు కూడా నిర్వాహకుడి ఖాతానే ఇచ్చేస్తే ఆ ఒక్కటీ అదే వాడేసుకుంటుంది.

వెబ్ ఆప్షన్ల చివరి గంటలో ఇలా జరిగితే ఏదో ఊరి నెట్ సెంటర్లో ఒక పిల్లవాడి సీటు పోతుంది. అందుకని పైవాళ్లు ‘రీస్టార్ట్ చెయ్’ అని తొందరపెడతారు. చేయవచ్చు, కాసేపు కుదుటపడుతుంది కూడా. కానీ రీస్టార్ట్‌తో ఆ జాబితా చెరిగిపోతుంది. దాన్ని ఫైలులో దాచుకోవడానికి అరనిమిషం చాలు. ముందు అది చేయండి.