క్రూగర్‌లో కారు దిగొచ్చా? అడవికి వెళ్ళేవారి ప్రశ్నలు, జవాబులు

దక్షిణాఫ్రికా ఈశాన్య మూలన క్రూగర్ నేషనల్ పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. 1898లో సాబీ అభయారణ్యంగా మొదలై, 1926లో నేషనల్ పార్కు అయింది. ఇక్కడ మీ కారు మీరే నడుపుకుంటూ తిరగొచ్చు. పక్కన గైడు ఉండడు కాబట్టి రూల్సు మీకే తెలిసుండాలి.

కారు ఎక్కడ దిగొచ్చు?

క్యాంపుల్లో, పిక్నిక్ స్థలాల్లో, బోర్డు పెట్టి అనుమతించిన వ్యూ పాయింట్లలో దిగొచ్చు. కొన్ని పెద్ద వంతెనల మీద పసుపు గీతల మధ్య కూడా దిగనిస్తారు. మరెక్కడా కుదరదు. కిటికీలోంచి తల, చెయ్యి బయటపెట్టడం, సన్‌రూఫ్‌లోంచి నిలబడడం కూడా తప్పే. చుట్టూ ఏమీ కనబడకపోవచ్చు. కానీ మోకాలెత్తు గడ్డిలో పడుకున్న సింహం పది అడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. పిల్లలుంటే బాత్రూమ్ ఎక్కడుందో పొద్దున్నే మ్యాపులో చూసుకుని బయల్దేరండి. దారి మధ్యలో దిగే అవసరం చాలావరకు దీంతోనే తప్పుతుంది.

వేగం, వేళలు?

తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40. గేటు వేళలు నెలను బట్టి మారుతుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం ఆరున్నరకు, మే నుంచి జూలై దాకా ఐదున్నరకే మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా కట్టాలి. అంతకన్నా ప్రమాదం, గేటు మూసేస్తారన్న కంగారులో బండి ఉరికించడం. చీకటిపడే వేళ రోడ్డు దాటే జంతువులే ఆ బండ్ల కింద పడతాయి. రాత్రి అడవి చూడాలనుంటే పార్కువాళ్ళ వాహనంలోనే వెళ్ళాలి.

యూట్యూబులో జీపులు గడ్డిలోకి దిగి చిరుతపులి పక్కనే ఆగుతున్నాయి కదా?

అవి ఎక్కువగా పార్కును ఆనుకుని పడమటి వైపున్న సాబీ సాండ్ లాంటి ప్రైవేటు రిజర్వుల్లో తీసినవి. మధ్యలో కంచె లేదు కాబట్టి జంతువులకు రెండూ ఒకటే అడవి. రూల్సు మాత్రం వేరు. అక్కడ శిక్షణ పొందిన గైడు బండి నడుపుతాడు, ఎక్కడ రోడ్డు దిగొచ్చో అతనికి తెలుసు. క్రూగర్‌లో సొంతంగా తిరిగేవారు రోడ్డు దిగకూడదు. డ్రోన్ ఎగరేయడం కూడా నిషేధం.

ఏనుగు దారికి అడ్డం నిలబడితే?

ఆగాలి. దారి దానిది. హారన్ కొట్టొద్దు, ఇంజను రేజ్ చేయొద్దు, పక్కనుంచి దూరిపోవాలని చూడొద్దు. తల్లికీ గున్నకూ మధ్య కారు పెట్టకండి. చెంపల మీద మదజలం కారుతూ, వెనక కాళ్ళు తడిసి ఉన్న మగ ఏనుగు కనబడితే మదంలో ఉన్నట్టు. దూరంగా ఉండగానే మెల్లగా వెనక్కి నడిపించండి. మీ వెనక ఇంకో కారు వచ్చి ఆగితే వెనక్కి వెళ్ళే దారి ఉండదు కాబట్టి ముందే చోటు చూసుకోండి. పార్కులోకి వెళ్ళేది మీ బాధ్యత మీదే. అద్దె కారైతే జంతువుల వల్ల కలిగే నష్టం ఇన్సూరెన్సులో ఉందో లేదో సంతకానికి ముందే అడగండి.

కోతులకు ఒక్క అరటిపండు పెడితే తప్పేంటి?

పెట్టేవారికి అది జాలి. ఆ కోతికి మాత్రం ప్రాణాంతకం. మనుషుల చేతిలో తిండి ఉంటుందని ఒకసారి తెలిశాక అది అడగడం మానేసి లాక్కోవడం మొదలుపెడుతుంది, కరుస్తుంది. అలా తయారైన బబూన్ కోతిని చివరికి రేంజర్లు కాల్చేయాల్సి వస్తుంది. దయచేసి పెట్టకండి, పిల్లలను పెట్టనివ్వకండి.

ఖడ్గమృగం ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

ఫోటో పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు చూశారో రాయొద్దు, ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. కొమ్ము కోసం చంపే ముఠాలకు ఆ రెండు వివరాలే కావాలి.

డర్బన్‌లో మా బంధువులున్నారు. వాళ్ళ రేటుకే మాకూ టికెట్ ఇస్తారా?

1860 నుంచి చెరకు తోటల పనికి మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగువారి వారసులు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళు దక్షిణాఫ్రికా గుర్తింపు కార్డు చూపిస్తే స్థానికుల రుసుమే. మీరు ఒకే కారులో వెళ్ళినా భారతీయ పాస్‌పోర్టుకు విదేశీయుల రుసుమే పడుతుంది. అది మనిషికి, రోజుకు ఇంత అని లెక్క. ఎక్కువ రోజులుంటే ప్రవేశ రుసుముకు బదులు ఏడాది చెల్లే వైల్డ్ కార్డు కలిసొస్తుందేమో లెక్కేసుకోండి.

టీకాలు?

నేరుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా అడగరు. ఆ జబ్బున్న దేశాల్లో, అంటే కెన్యా, ఇథియోపియా లాంటి చోట్ల, విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికా సర్టిఫికెట్ అడుగుతుంది. ఆ జబ్బున్న దేశాల్లో ఊళ్ళోకి వెళ్ళి, సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. క్రూగర్‌లో మలేరియా ఉంది. ముఖ్యంగా అక్కడి వానాకాలంలో వెళ్తుంటే డాక్టరును కలవండి.

గుర్తుగా ఏదైనా తెచ్చుకోవచ్చా?

ఈక, ఎముక, ముళ్ళపంది ముల్లు, ఏదైనా సరే ఉన్నచోటే వదిలేయండి. బయట దుకాణంలో దంతం గాజు కనబడినా ముట్టుకోవద్దు. ఆఫ్రికా ఏనుగు దంతం దిగుమతి మన వన్యప్రాణి చట్టం ప్రకారం కూడా నేరం.

ఈ అడవి ఎవరిది?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాలి. ఉత్తర కొసన లువూవు, లింపోపో నదుల మధ్య మకులేకే ప్రజల ఊళ్ళుండేవి. 1969లో వర్ణవివక్ష ప్రభుత్వం దాదాపు మూడు వేలమందిని అక్కడినుంచి వెళ్ళగొట్టింది. వాళ్ళ ఇళ్ళకు వాళ్ళచేతే నిప్పు పెట్టించింది. ఆ భూమిని పార్కులో కలిపేసింది. ప్రజాస్వామ్యం వచ్చాక మకులేకేలు దావా వేసి, 1998లో సుమారు 24 వేల హెక్టార్ల మీద హక్కు తిరిగి సాధించుకున్నారు. తిరిగి వెళ్ళి సేద్యం చేయకుండా, అడవిని అడవిగానే ఉంచి పార్కుతో కలిసి నిర్వహించేందుకు ఒప్పుకున్నారు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయం అది. జంతువుల కోసం పార్కులకు వెళ్ళే మనం వాళ్ళకు రుణపడి ఉన్నాం. ఆ ఉత్తర కొసనున్న పఫూరి వైపు వెళ్తే వాళ్ళ నేల మీదున్న లాడ్జిలో బస చేయండి, ఆ డబ్బులో వాటా వాళ్ళకు అందుతుంది.