ఆడబిడ్డ, మగబిడ్డ: క్రోమోజోముల లెక్క

కాన్పు కబురు తెలిసినంతనే మన ఇండ్లలో మొదట వినవచ్చు ప్రశ్న "ఏ బిడ్డ?" అనునది. వరుసగా ముగ్గురు ఆడపిల్లలు కలిగినచో నింద కోడలిపై పడును. ఆమెను పుట్టింట విడిచినవారును, ఆ సాకుతో మరొక పెండ్లికి సిద్ధపడినవారును మన ఎరుకలో లేకపోలేదు. చదువుకొన్న కుటుంబములు సైతము ఇందుకు మినహాయింపు కావు. ఈ నిందకు జీవశాస్త్రమున ఆధారమేమైన కలదేమో విచారింతము.

మానవుని దేహకణములలో సాధారణముగా 46 క్రోమోజోములు, అనగా 23 జతలు ఉండును. వీనిలో 22 జతలు స్త్రీపురుషులకు ఒకే తీరు. భేదమంతయు మిగిలిన ఒక్క జతయందే. స్త్రీలో అది రెండు ఎక్స్ క్రోమోజోములు. పురుషునిలో ఒక ఎక్స్, ఒక వై. బీజకణములు ఏర్పడునపుడు జతలు విడిపోయి, ప్రతి జతనుండి ఒక్కటి మాత్రమే ఒక్కొక్క బీజకణమునకు చేరును. కావున తల్లి ఇచ్చు అండములో ఎక్స్ తప్ప మరొకటి ఉండదు; ఆమెవద్ద వేరొకటి లేదు గదా! తండ్రి శుక్రకణములలో ఇంచుమించు సగము ఎక్స్ గలవి, సగము వై గలవి. ఎక్స్ గల శుక్రకణము అండముతో కలిసినచో ఆడబిడ్డ, వై గలది కలిసినచో మగబిడ్డ. భేదము తండ్రి వైపునుండి వచ్చునే గాని తల్లి వైపునుండి రాదు. అట్లని నిందను తండ్రిపైకి మరల్చుటయు తగదు. కోట్లాది శుక్రకణములలో ఏది అండమును చేరునో అతని వశమున లేదు. బొమ్మబొరుసు వేసినట్లు ప్రతి కాన్పును క్రొత్త పందెమే. మూడుసార్లు ఆడపిల్ల పుట్టినదని నాలుగవసారి మగపిల్లవాడు తప్పక పుట్టునను ఆశకు లెక్కలో చోటు లేదు.

ఈ రహస్యమును 1905లో వెల్లడించినవారిలో ముఖ్యురాలు నెట్టీ స్టీవెన్స్ అను అమెరికా శాస్త్రవేత్త. నిందపడినది స్త్రీ, దానిని తొలగించు ఆధారమును చూపినదియు స్త్రీయే. ఆమె పరిశీలించినది పిండిపురుగును. ఆడపురుగు కణములలో 20 పెద్ద క్రోమోజోములును, మగపురుగు కణములలో 19 పెద్దవి, ఒక చిన్నదియు ఆమెకు కనిపించినవి. ఆ చిన్నదే వై. అదే సంవత్సరమున ఎడ్మండ్ విల్సన్ ఇతర కీటకములపై పనిచేసి ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. వై మీద ఉండి పిండమును పురుషత్వమువైపు త్రిప్పు జన్యువును 1990లో గుర్తించిరి, దానిపేరు ఎస్.ఆర్.వై. అయితే సృష్టి అంతటను ఇదే నియమము కాదు. కోళ్ళలో వ్యవహారము తలక్రిందులు. అచ్చట రెండు తీరుల బీజములు పెట్టవే గాని పుంజువి కావు.

ఇక ఎక్స్ మీది జన్యువుల మాట. ఎక్స్ పెద్దది, దానిపై వందలకొలది జన్యువులు కలవు, వైపై అతికొద్ది. స్త్రీకి ఒక ఎక్స్ మీద లోపమున్నను రెండవది సాధారణముగా కాపాడును. పురుషునికి ఆ అండ లేదు. ఉన్న ఒక్కదానిలో లోపమున్నచో అది బయటపడవలసినదే. టి.హెచ్. మోర్గాన్ 1910లో తెల్లకన్నుల ఈగతో నిరూపించినది ఈ విషయమునే. ఎఱుపును, ఆకుపచ్చను వేరుపరుపలేని వర్ణాంధత ఐరోపా సంతతి పురుషులలో నూటికి ఎనమండుగురికి ఉండగా, స్త్రీలలో రెండువందలకు ఒక్కరికి ఉండుట ఇందువలననే.

వర్ణాంధతతో బ్రతుకవచ్చును. రక్తము గడ్డకట్టని హీమోఫీలియా అట్టిది కాదు. వేయి సంవత్సరముల క్రిందటనే కార్డోవా వైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన అత్తస్రీఫ్ గ్రంథమున, ఒక గ్రామపు పురుషులు చిన్న గాయములకే రక్తము కారి మరణించుటను వర్ణించెను. అంతకు పూర్వమే యూదుల తాల్ముదు, ఖత్నా జరిపినపుడు ఇద్దరు కుమారులు మరణించినచో మూడవవానికి జరుపవలదని విధించినది; అక్కచెల్లెండ్ర కుమారుల విషయమునను ఇట్టి చర్చ అందు కలదు. జబ్బు తల్లివైపునుండి దిగివచ్చునని వారు గ్రహించిరన్నమాట.

లోపమును మోయుచు తాను ఆరోగ్యముగానుండు స్త్రీని వాహకురాలు అందురు. తెలుగు బోధించు మాకు ఈ మాట అంతగా రుచింపదు. తప్పేదో మోసికొని తిరుగుచున్నట్లు ధ్వనించును. మేలైన పదము దొరకువరకు దీనినే వాడుదము. వాహకురాలికి పుట్టు ప్రతి కుమారునికి జబ్బు వచ్చుటకును, ప్రతి కుమార్తె వాహకురాలగుటకును సగము సగము అవకాశము. జబ్బుగల తండ్రికి, లోపములేని తల్లికి కలుగు కుమారులందరు ఆరోగ్యవంతులు, కుమార్తెలందరు వాహకురాండ్రు.

మన ఇండ్లలో పిల్లవానికి ఖత్నా జరిపించుటకు ముందు అతని మేనమామలలో, పినతల్లి పెదతల్లి కొడుకులలో రక్తము ఆగని జబ్బు ఎవరికైన ఉండెనా అని తల్లిని అడుగవలెను. ఉండినచో రక్తము గడ్డకట్టు పరీక్ష చేయించి, ఆసుపత్రిలోనే పని జరిపించవలెను. వంశమున లేదన్నంత మాత్రమున ధైర్యము చాలదు. సుమారు మూడవవంతు రోగులలో లోపము క్రొత్తగా తలయెత్తినదే. తొలి గాయమునకే రక్తము ఆగనిచో జాగు చేయరాదు.

సంబంధములు కలుపుకొనునపుడు సైతము ఈ లెక్క పనికివచ్చును. హీమోఫీలియా గల పురుషునికి ఆ లోపము అమ్మమ్మనుండి దిగివచ్చినదనుకొందము. అతడు పినతల్లి కూతురును పెండ్లాడినచో ఆమె వాహకురాలగుటకు నాలుగింట ఒకపాలు అవకాశము కలదు. హిందూ సోదరులలో వాడుకయైన అక్క కూతురి సంబంధమునకును ఇదే లెక్క. అట్లు తటస్థించినచో పుట్టు ప్రతి ఆడపిల్లకు సైతము జబ్బు సోకుటకు సగము అవకాశము. మేనత్త కూతురైనచో ఈ జబ్బు విషయమున అదనపు భయము లేదు, తండ్రి ఎక్స్ కుమారునికి రాదు గనుక. మేనమామ ఆరోగ్యవంతుడైనచో అతని కూతురి విషయమునను అంతే. అతడే రోగియైనచో ఆమె తప్పక వాహకురాలు. ఇతర క్రోమోజోముల మీది జబ్బుల సంగతి వేరు. వానికి మేనత్త, మేనమామ, పినతల్లి యను భేదము లేదు. దగ్గరి సంబంధమేదైనను ముప్పు హెచ్చును.